సైదమ్మ పేర వచ్చిన కార్డులు

“ఒక్క కాయితమే గదనే అమ్మా, రాసి పడెయ్యమను. గింత దానికి వారం రోజులా?” అని గుర్వయ్య గోడవైపు చూస్తూ తల్లితో అన్నాడు.

ఆ మాటను నర్సింగమ్మ మళ్లీ కోడలికి చేరవేయనక్కర లేదు. బాలనర్సమ్మ అక్కడే, వంటింటి గడప లోపల కూర్చుని జొన్నపిండి జల్లిస్తోంది. అయినా నర్సింగమ్మ తల తిప్పి, “ఇన్నవా, రాయమంటున్నడు,” అంది. పెళ్లయి పన్నెండేళ్లయింది. ఈ పన్నెండేళ్లలో బాలనర్సమ్మ తన భర్త అన్నతో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. ఆయనా ఈమెతో మాట్లాడలేదు. ఆ ఇంటి పద్ధతి అది. ఆయన వాకిట్లోకి వస్తే ఈమె కొంగు సర్దుకుని పక్కకు తొలగాలి. ఆయనకేం కావాలన్నా తల్లితో చెబుతాడు, ఈమె జవాబు కూడా అత్తతోనే చెప్పాలి. బడిలో నలభైమంది పిల్లలకు వినపడేలా పాఠం చెప్పే గొంతు ఇల్లు చేరగానే అణిగిపోయేది. మొదట్లో అది కష్టంగా ఉండేది. తర్వాత్తర్వాత కష్టమన్న సంగతి కూడా గుర్తుండేది కాదు.

“రేపు సూస్తనని చెప్పు అత్తా,” అంది పిండిలోకి చూస్తూ.

రాయవలసింది ఇంగ్లీషులో ఒక ఉత్తరం. హాలండు దేశంలో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో ఉన్న అయిదుగురు మనుషులకు. ఉత్తరం అడుగున సైదమ్మ సంతకం ఉండాలి. సైదమ్మ బాలనర్సమ్మ కూతురు, ఆరేళ్ల పిల్ల. చనిపోయి ఏడు నెలలయింది. ఆ అయిదుగురికి ఆ సంగతి తెలియదు. తెలియనీయొద్దని గుర్వయ్య చెప్పాడు.

బాలనర్సమ్మ భర్త లింగస్వామిని పోలీసులు పట్టుకుపోయింది అరవై నాలుగు డిసెంబరు ఆఖరు వారంలో. ఆ వారం రాష్ట్రమంతటా ఆయన పార్టీ వాళ్లను వెతికి పట్టుకున్నారు. నేరమేమిటో చెప్పలేదు, కోర్టుకు తీసుకుపోలేదు. దేశరక్షణ పేరుతో ఉన్న చట్టం కింద ఎంతకాలమైనా ఉంచుకోవచ్చట. పొద్దున వేపపుల్లతో పళ్లు తోముకుంటున్న మనిషిని అట్లాగే తీసుకుపోయారు. సైదమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని రామన్నపేట పోలీసు ఠాణా దాకా వెంట పరిగెత్తింది.

లింగస్వామి చెడ్డవాడు కాదు. కూలి రేట్ల కోసం, కౌలు భూముల కోసం ఊరూరా తిరిగినవాడు. మంచి మాటకారి. ఆడవాళ్ల హక్కుల మీద ఆయన ఉపన్యాసమిస్తే సభలో జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ ఉపన్యాసాలకు శుద్ధప్రతి రాసిపెట్టేది బాలనర్సమ్మ. రాసి, వచ్చిన కార్యకర్తలకు వండిపెట్టి, వాళ్లు తిన్న విస్తళ్లు ఎత్తి, తెల్లారి బడికి పోయేది. “మా ఇంట్ల ఆడమనిషి కొలువు చేస్తది. మేము చెప్పుడే గాదు, చేసి సూపెడ్తం,” అని ఆయన స్నేహితులతో అంటుంటే ఆమె చారు వడ్డిస్తూ ఉండేది. ఆ మాట అబద్ధం కాదు. ఆమె జీతంతోనే ఇల్లు నడిచేది. ఆయన జైలుకు పోయాక కూడా అట్లాగే నడిచింది. మారిందొక్కటే. నెలకోసారి జీతం తీసుకోవడానికి సంతకం పెట్టేటప్పుడు హెడ్మాస్టరు, “ఏం టీచరమ్మా, మీ ఆయన ఇంకా అత్తగారింట్లనే ఉన్నడా?” అని నవ్వేవాడు. పక్కనున్నవాళ్లూ నవ్వేవాళ్లు. ఆమె సంతకం పెట్టి బయటికి వచ్చేది.

మార్చి నెలలో నల్లగొండ నుంచి వకీలు మెహమూద్ సాబ్ ఒక టైపు కాగితాల కట్ట తెచ్చాడు. ఖైదీల తరఫున ఫీజు తీసుకోకుండా తిరుగుతున్న మనిషి ఆయన. ఐరోపాలో ఒక అంతర్జాతీయ మానవ హక్కుల కమిటీ ఉందని, విచారణ లేకుండా జైల్లో ఉన్నవాళ్ల వివరాలు దేశదేశాల నుంచి పోగుచేస్తుందని, ఒక్కొక్క ఖైదీని ఒక్కొక్క ఊరి వాళ్లకు అప్పజెబుతుందని ఆయన చెప్పాడు. ఆ ఊరివాళ్లు వకీళ్లూ కాదు, మంత్రులూ కాదు. రొట్టెల దుకాణం నడిపేవాళ్లు, బడిపంతుళ్లు, గుమాస్తాలు. పని ముగించుకుని వారానికోసారి ఒకరింట్లో కూర్చుని ఖైదీ గురించి మంత్రికి, జైలు సూపరింటెండెంటుకు ఉత్తరాలు రాస్తారు. తిట్టరు, బెదిరించరు. మర్యాదగా రాస్తారు. మళ్లీ మళ్లీ రాస్తారు.

ఉత్తరాలతో ఏమవుతుందని నర్సింగమ్మ అడిగింది. మెహమూద్ సాబ్ నవ్వి, “ఒక్క ఉత్తరమైతే చింపేస్తరు అవ్వా. బస్తా నిండితే ఎవడో ఒకడు తెరిచి సూడాలె గద,” అన్నాడు.

ఆ ఇంట్లో ఇంగ్లీషు రాయగలిగింది బాలనర్సమ్మ ఒక్కతే. నల్లగొండలో పదో తరగతి దాకా చదివి, ట్రెయినింగు అయిన మనిషి. ఫారం ఆమె ముందు పెట్టారు. ముప్పై ఒక్క ప్రశ్నలున్నాయి. ప్రతి పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత ఉంది. ఎడమవైపు ‘మీరు కళ్లారా చూసినది’, కుడివైపు ‘ఇతరులు చెప్పగా విన్నది’. రెంటినీ కలపవద్దని, తెలియకపోతే తెలియదనే రాయమని పైన రాసి ఉంది. బాలనర్సమ్మకు ఆ గీత నచ్చింది. తన జీవితంలో ఎవరూ ఆమెను అట్లా అడగలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు రోజులు, వంట అయ్యాక, బడి అయ్యాక రాసింది. ఖైదీ పిల్లలెందరన్న చోట ఒక్కతే అని, పేరు సైదమ్మ అని రాసింది. జాన్‌పహాడ్ దర్గాలోని సైదులుకు నర్సింగమ్మ మొక్కుకుని పెట్టిన పేరది.

జూన్ ఆఖరులో కమిటీ ఒక న్యాయవాదిని పంపింది. జైల్లో ఖైదీలను చూడటానికి ప్రభుత్వం ఆయనను అనుమతించలేదు. అందుకని కుటుంబాలను చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది.

ఆయన వచ్చే రోజుకు సైదమ్మకు రెండు రోజులుగా జ్వరం. గొంతు రెండు పక్కలా వాచింది. గవదబిళ్లలని నర్సింగమ్మ తేల్చి, సున్నమూ పసుపూ కలిపి పట్టువేసింది. ఆ ఊళ్లో పిల్లల గొంతు వాస్తే అదే పేరు, అదే మందు. పొద్దున వెలుతురులో బాలనర్సమ్మ పిల్ల నోరు తెరిపించి చూసింది. లోపల తెల్లటి పొర కనపడింది. అది గవదబిళ్ల కాదనిపించింది. పది గంటల బస్సుకు నల్లగొండ దవాఖానకు తీసుకుపోతానని అత్తతో చెప్పింది. గుర్వయ్య గోడతో అన్నాడు, “దేశంగాని దేశం నుంచి మన కోసం మనిషి వస్తాంటే తల్లీ పిల్లా ఇద్దరు లేకుంటే ఎట్ల? సాయంత్రం బస్సుకు పొమ్మను. జరమే గద.”

వాళ్లు రెండు గంటలకు వచ్చారు. ఆ తెల్లాయన, మెహమూద్ సాబ్, పార్టీ వాళ్లు, మొత్తం పదకొండు మంది. అందరికీ భోజనం. బాలనర్సమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కొట్టింది. ఒక చేత్తో రొట్టె తిప్పుతూ, అప్పుడప్పుడు లేచిపోయి మంచం మీది పిల్ల నుదుటిమీద చేయి వేసి వచ్చింది. ఫోటో తీస్తారనగానే నర్సింగమ్మ పిల్లను లేపి, కాటుక పెట్టి, కొత్త గౌను తొడిగింది. దొర ముందర ఈ పూత ఏం బాగుంటుందని, దండెం మీదున్న లింగస్వామి ఎర్ర కండువా తీసి పిల్ల మెడకు రెండు చుట్లు చుట్టింది. వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టారు.

తెల్లాయన ఫోటో తీసి, దగ్గరికి వచ్చి వంగి చూసి, పాపకు ఒంట్లో బాగాలేదా అని ఇంగ్లీషులో అడిగాడు. మెహమూద్ సాబ్ గుర్వయ్య వైపు తిరిగాడు.

“బాపు మీద బెంగ,” అన్నాడు గుర్వయ్య. “తిండి తింటలేదు.”

మెహమూద్ సాబ్ అదే ఇంగ్లీషులో చెప్పాడు. తెల్లాయన రాసుకున్నాడు.

బాలనర్సమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ప్రశ్న ఆమెకు అర్థమైంది. జవాబుకు నిఘంటువు అక్కరలేదు. తన బడిలో నాలుగో తరగతి పిల్లకు కూడా నేర్పగలిగిన జవాబు. కానీ పదకొండు మంది మగవాళ్ల ముందు, పన్నెండేళ్లలో ఒక్క మాటైనా నేరుగా మాట్లాడని మనిషి మాట తప్పని చెప్పాలి. ఆమె చేతికి అంటిన పిండి ఎండి పగులుతోంది. ఆమె ఆ పిండిని గోకుతూ నిలబడింది.

వాళ్లు రెండోసారి చాయ్ తాగుతుండగానే సాయంత్రం బస్సు పోయింది. తెల్లారి మొదటి బస్సుకు బాలనర్సమ్మ పిల్లను భుజాన వేసుకుని పోయింది. దవాఖాన వరండాలో, మధ్యాహ్నం కాకముందే సైదమ్మ ఊపిరి ఆగిపోయింది. డాక్టరు కంఠసర్పి, డిఫ్తీరియా అన్నాడు. “నిన్న తెచ్చినా సూది పనిచేసేదేమో,” అన్నాడు. ఆ ‘ఏమో’ను బాలనర్సమ్మ ఇంటికి తెచ్చుకుంది. పిల్లలకు పాఠం చెబుతూ, పేడ కలుపుతూ, తల దువ్వుకుంటూ దాన్ని లోపల అటూ ఇటూ తిప్పి చూసుకునేది. పనిచేసేది అని ఆయన కచ్చితంగా అని ఉంటే ఒక విధం. పనిచేసేది కాదని ఉంటే ఇంకో విధం. రెండూ కాకుండా చేశాడు.

మూడో రోజున గుర్వయ్య జైలుకు కబురు పెట్టొద్దన్నాడు. తమ్ముడు నిరాహారదీక్షలో ఉన్నాడని, పిల్లంటే ప్రాణమని, వింటే బతకడని అన్నాడు. ఆ ఒక్క మాట బాలనర్సమ్మకు సబబుగా తోచింది. నిజంగానే ఆయనకు పిల్లంటే ప్రాణం. జైలు ములాఖాతుకు నెలకోసారి గుర్వయ్యే పోయేవాడు. ఆమె పదిహేను రోజులకో కార్డు రాసేది. జైలువాళ్లు చదివి ఇస్తారు గనుక క్లుప్తంగా రాసేది. ప్రతి కార్డులో ఒక వాక్యం ఉండేది, సైదమ్మ బాగుంది అని. ఆ వాక్యం రాసేముందు ఆమె లేచి ఓసారి ఇల్లంతా తిరిగి వచ్చేది. ఆయన కోసం ఇది నేను మోయాలి అనుకునేది. మోసింది.

అక్టోబరులో కమిటీ బులెటిన్ వచ్చింది. నాలుగు పేజీలు. ఒక్కో ఖైదీ గురించి నాలుగేసి పేరాలు, ఏ మంత్రికి రాయాలి, ఏమని సంబోధించాలి, తపాలా బిళ్ల ఎంత అంటించాలి. మూడో పేజీలో సైదమ్మ ఫోటో. కింద ఇట్లా ఉంది: ‘తండ్రి కండువా మెడకు చుట్టుకుని, కన్నీరు నిండిన కళ్లతో ఆయన కోసం ఎదురుచూస్తున్న కుమార్తె. బెంగతో ఆహారం మానివేసిందని కుటుంబ సభ్యులు తెలిపారు.’ తర్వాత లింగస్వామి గురించి. చివర, ‘ఖైదీ భార్య కూడా ఉన్నారు.’

బాలనర్సమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. కళ్లలో ఉన్నది జ్వరం. కండువా కింద ఉన్నది సున్నమూ పసుపూ. ఆ అచ్చుకాగితం వేలమంది చేతుల్లోకి పోయింది. ఒక్కరికీ అది తెలియదు. పోనీ వాళ్లను తప్పుపట్టడానికి లేదు. వాళ్లు అడిగారు. అడిగినప్పుడు తాను నిలబడి పిండి గోక్కుంది.

నవంబరు నుంచి కార్డులు రావడం మొదలైంది. గాలిమరలు, పడవలు, మంచు పడిన వీధులు. అన్నీ సైదమ్మ పేర. లింగస్వామిని అప్పజెప్పిన ఆ హాలండు ఊరి బృందంలో ఎల్స్‌బెత్ అనే ఆవిడ పోస్టాఫీసులో గుమాస్తా. ఆవిడ సొంత చేత్తో అల్లిన నీలం ఉన్ని స్వెట్టరు పార్సిలు చేసింది. ఏడేళ్ల పిల్లకు సరిపోయే కొలత వేశానని, పిల్లలు తొందరగా ఎదుగుతారు కదా అని రాసింది. గుర్వయ్య చదివించుకుని విని, జవాబు రాయమన్నాడు. ఆమె రాయలేనంది. అప్పుడే ఆయన ఆ మాట అన్నాడు, “గా పిల్ల ఫోటో మీదనే అంత నడుస్తాంది. సచ్చిపోయిందని రాస్తే వాళ్లు ఇంకో ఖైదీని సూసుకుంటరు. తమ్ముడు బయటికొచ్చినంక అన్ని చెప్పుకోవచ్చు.” నర్సింగమ్మ, “పోయిన పిల్ల ఎట్లనూ రాదు. ఉన్న మొగన్ని తెచ్చుకో,” అంది. మనుమరాలి కోసం ఆమె కూడా ఏడ్చింది, కాదనడానికి లేదు.

బాలనర్సమ్మ రాసింది. అక్షరాలు చిన్నపిల్ల రాసినట్టు రావాలని ఎడమ చేత్తో రాసింది. రెండుసార్లు రాసింది. స్వెట్టరును ఊరికే పాడుచేయడమెందుకని నర్సింగమ్మ గుర్వయ్య చిన్న కూతురికి తొడిగింది. ఒకరోజు బడినుంచి వచ్చి వాకిట్లో అడుగుపెట్టేసరికి ఆ పిల్ల అటు తిరిగి ముగ్గుగిన్నెతో ఆడుకుంటోంది. వెనుక నుంచి చూసి బాలనర్సమ్మ సైదమ్మా అని పిలవబోయింది. నోట్లోనే ఆపుకుంది.

ఇప్పుడు, జనవరిలో, మూడో ఉత్తరం వచ్చింది. తమ ఊరి గ్రంథాలయంలో సైదమ్మ ఫోటోను పెద్దదిగా చేసి పెట్టామని, రెండు వేల మంది సంతకాలు పెట్టారని, సైదమ్మ చేత తన ఇంటి బొమ్మ ఒకటి గీయించి పంపితే దాన్ని కార్డులుగా అచ్చువేసి నలుగురికీ పంచుతామని ఎల్స్‌బెత్ రాసింది. గుర్వయ్యకు అది సులువైన పనిగా తోచింది. బడి నిండా పిల్లలే కదా, బొమ్మ ఎవరితోనో ఒకరితో గీయించి, దానితోపాటు ఎప్పటిలా ఒక ఉత్తరం రాసి పంపమన్నాడు.

బాలనర్సమ్మ పిల్లలను ఇంటిబొమ్మ గీయమంది. పలకలన్నీ బల్లమీద పెట్టారు. ఒక్కొక్కటీ తీసి చూసింది. ఒక పిల్ల ఇంటికి తలుపు పెట్టడం మరిచిపోయింది. ఒక పిల్ల ఇంటికంటే కోడిని పెద్దగా వేసింది. ఏ పిల్ల బొమ్మ ఆ పిల్లదే. వీటిలో ఏది తీసుకుని సైదమ్మదని చెప్పినా, సైదమ్మ గీయవలసిన బొమ్మ ఏదో ఒకటి ఉండేదన్న సంగతి కూడా లేకుండా పోతుందనిపించింది. పలకలు తిరిగి ఇచ్చేసి తుడిచెయ్యమంది.

ఆ మధ్యాహ్నం ఉర్దూ టీచరు లాడ్లీ బేగంతో అంతా చెప్పింది. ఏడు నెలల్లో ఆమె నోరు విప్పి చెప్పడం అదే మొదలు. లాడ్లీ బేగం అన్నం గిన్నె మూతపెట్టి విని, ఓదార్పు మాటలేమీ అనలేదు. “ముందుగల్ల పిల్ల తండ్రికి చెప్పు,” అంది. “ఆయన ఏమంటడో ఇను. నీ క్లాసు నేను సూసుకుంట.”

గురువారం ఆమె లింగస్వామి ఉన్న హైదరాబాదు జైలుకు పోయింది. ములాఖాతు గదిలో మధ్యన ఇనుప జాలీ ఉంది. ఒక జవాను గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. లింగస్వామి చిక్కిపోయాడు, గడ్డం నెరిసింది. ఆమెను చూసి, అన్న రాలేదా అని అడిగాడు.

“నేనే వచ్చిన. మీకొక మాట చెప్పాలె,” అంది. బస్సులో నాలుగు గంటలు ఆ మాటను ఎట్లా మొదలుపెట్టాలో కూర్చుకుంటూ వచ్చింది. “సైదమ్మ...” అని ఆగింది.

ఆయన తల దించుకున్నాడు. “తెలుసు,” అన్నాడు.

ఆమెకు మొదట ఆ మాట అర్థం కాలేదు.

“జులైలనే అన్న చెప్పిండు. నాలుగొద్దులు అన్నం ముట్టలే నేను.”

జులై నుంచి జనవరి దాకా తాను రాసిన కార్డులన్నీ ఆమె కళ్లముందు నిలబడ్డాయి. పన్నెండో, పదమూడో. ఒక్కొక్కటీ ఈయన చదివాడు. చదివి, మడిచి పెట్టుకున్నాడు.

“మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు రాయవు గద, బాలా,” అన్నాడు. గొంతు నెమ్మదిగానే ఉంది, ప్రేమగానే ఉంది. “నాకు తెల్వదనుకుంటెనే నువ్వు నా కోసం రాస్తవు. నీ సంగతి నాకెరుక గాదా. గీ బారక్‌ల ఇరవై రెండు మందిమి ఉన్నం. గా ఒక్క ఫోటోతోని అందరి పేర్లు బయట దేశాలకు పోయినయ్. ఇది మన ఇద్దరి ముచ్చట గాదు. గా బొమ్మేదో పంపియ్. ఎవలో పిల్లతోని గీయించు.”

బొమ్మ సంగతి కూడా ఆయనకు తెలుసు. బాలనర్సమ్మ జాలీని పట్టుకుంది. “ఆ దినం నేను ఎంతమందికి వంట చేసిన్నో మీ అన్న చెప్పిండా?” అని అడిగింది.

“వంటనా?” అన్నాడు లింగస్వామి. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

ఆమె చెప్పింది. పది గంటల బస్సు, సాయంత్రం బస్సు, తెల్లటి పొర, కండువా. ఆ ఫోటోలో ఉన్నది జ్వరమని, వాళ్లు అడిగారని, మీ అన్న బెంగ అన్నాడని, తాను గుమ్మంలో నిలబడి విన్నానని చెప్పింది. చెబుతుంటే ఆయన ముఖం మారింది. జవాను టైమయిందన్నాడు. అప్పుడు లింగస్వామి, “ఇప్పుడు అవన్ని తవ్వుకుంటే ఏమొస్తది,” అన్నాడు. లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, “నువ్వు పైలం,” అన్నాడు.

తెల్లారి పొద్దున గుర్వయ్య వాకిట్లో చుట్ట వెలిగించుకుంటూ, “బొమ్మ పంపిందా లేదా అడుగమ్మా,” అన్నాడు.

బాలనర్సమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. కొంగు సర్దుకుంది గానీ పక్కకు తిరగలేదు. “పంపలేదు బావా. పంపను,” అంది.

గుర్వయ్య అలవాటుగా గోడవైపు చూశాడు. “ఇన్నవానే అమ్మా, ఏమంటాందో?”

“అత్తతోని గాదు, నాతోని మాట్లాడున్రి. సైదమ్మ చచ్చిపోయిందని రాస్తున్న. ఎట్ల చచ్చిపోయిందో అది గూడ రాస్తున్న.”

నర్సింగమ్మ చేతిలో చేట అట్లాగే నిలిచిపోయింది. గుర్వయ్య మెల్లగా ముఖం తిప్పి ఆమెను చూశాడు. “మొగడు జైల్ల కుళ్లిపోతే నీకు సంతోషమా?” అన్నాడు.

పన్నెండేళ్లలో ఆయన ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

ఆమె బడికి పోయింది. లింగస్వామి విడుదల కాకపోతే ఊరు ఎవరిని అంటుందో ఆమెకు తెలుసు. ఆ ఉత్తరం పంపినందువల్లనే ఆ అయిదుగురు రాయడం మానేస్తే, ఆ తప్పు కూడా మోయవలసింది తానే. ఆ భయం నిజమైనదే. దాన్ని లేదనుకోవడానికి ఆమె ప్రయత్నించలేదు. కానీ బులెటిన్ చివరి పేజీలో, విడుదలైనవాళ్ల జాబితా కింద ప్రతిసారీ చిన్న అక్షరాల్లో సవరణలు వేస్తారు. ఫలానా ఖైదీ వయసు నలభై కాదు యాభై, ఫలానా జైలు పేరు తప్పుగా పడింది, చింతిస్తున్నాము అని. ఒక మనిషి వయసు పదేళ్లు తప్పు పడితేనే చింతించేవాళ్లు ఈ సంగతి వింటే కోపగించుకుంటారని ఆమె అనుకోలేదు. కోపగించుకుంటే అది కూడా వాళ్ల హక్కే.

సాయంత్రం పిల్లలు పోయాక, ఖాళీ తరగతిలో కూర్చుని కమిటీ పంపిన కొత్త ఫారం తీసింది. కుడిచేత్తో రాసింది. ఎడమవైపు, కళ్లారా చూసినది అన్న చోట, తేదీతో మొదలుపెట్టింది. వాపు, పొర, రెండు బస్సులు, పదకొండు మంది, కండువా. అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, తన మౌనం. తర్వాత, సైదమ్మ పేరుతో మీ ఊరి బృందానికి వచ్చిన రెండు ఉత్తరాలు నేను రాసినవి అని రాసింది. కుడివైపు, విన్నది అన్న చోట, డాక్టరు మాట ఒక్కటే రాసింది. ‘ఏమో’ను వదలకుండా రాసింది. చివర, నా భర్తను విచారణ లేకుండా ఉంచడం అన్యాయమే, ఆ మాటలో మార్పు లేదు, ఆయన కోసం రాయడం ఆపవద్దు, నా కూతురి ఫోటో మాత్రం తీసివేయండి అని రాసింది.

అడుగున ఒక ప్రశ్న మిగిలింది. ‘ఈ సమాచారం ఇచ్చినవారి పేరు ప్రచురించవచ్చునా? వారికి ప్రమాదం కలుగుతుందనుకుంటే వద్దని రాయండి. పేరు దాచడం మా బాధ్యత.’

బాలనర్సమ్మ కలం పట్టుకుని కాసేపు ఆలోచించింది. ప్రమాదమున్నది. హెడ్మాస్టరున్నాడు, ఇన్‌స్పెక్టరున్నాడు, ఇల్లున్నది. ప్రమాదం ఎవరి వల్ల అని ఫారంలో అడగలేదు.

‘ప్రచురించవచ్చు’ అని రాసి, పక్కన తన పేరు పూర్తిగా రాసి, సిరా ఆరేదాకా కూర్చుంది.